మంచం వెనక తలుపు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో, ఒక అంగడి మేడ మీద మా సార్ ఆఫీసు ఉండేది. సార్ ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆర్కిటెక్టు. ఆ మాటకు ఊళ్ళో ఎవరికీ నోరు తిరిగేది కాదు కాబట్టి అందరికీ ఆయన ఇంజనీరు సారే. నేను ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, ఆయన పెన్సిలుతో గీసినదాన్ని ట్రేసింగ్ కాగితం మీద సిరాతో ఎత్తి గీసే పనికి చేరాను. మనుషులతో మాట్లాడే అవసరం ఉండదనుకునే చేరాను. నాకు చిన్నప్పటినుంచీ నలుగురిలో నోరు పెగలదు. ఇంటికి ఎవరైనా వస్తే వంటింట్లోకి పోయి గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవల పట్టుకుని కూర్చునేదాన్ని. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

చేరిన నెలకే సార్ నన్ను ఇళ్ళు కట్టించుకునేవాళ్ళ దగ్గరికి వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాడు. మగవాళ్ళు వాకిట్లో కూర్చుని ఎన్ని గదులు కావాలో, ఎంత ఎత్తు కావాలో చెప్పేవారు. ఆ ఇంట్లో రోజంతా మసలేది మాత్రం ఆడవాళ్ళు. వాళ్ళు పరాయి మగవాడి ముందుకు వచ్చి ఇది కావాలి, అది వద్దు అని చెప్పరు. "నువ్వు లోపలికి పో పాపా. పొయ్యి కాడ కూర్చో. ఏమీ అడగొద్దు, వాళ్ళే చెప్తారు" అనేవాడు సార్. అడగడం నాకు ఎట్లాగూ రాదు. గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. కాసేపటికి నా మౌనం భరించలేకనో ఏమో వాళ్ళే మొదలుపెట్టేవారు. నీళ్ళ బిందె ఎక్కడ దించితే నడుము పట్టేస్తుందో, బాలింతను ఏ మూల పడుకోబెడితే ఈదరగాలి తగలదో, అత్త కంట పడకుండా ఎక్కడ కూర్చుని తల దువ్వుకుంటారో చెప్పేవారు. అవి నేను వచ్చి సార్‌కు చెప్తే ఆయన కాగితం మీద గోడలు జరిపేవాడు. ఇల్లు గీసేవాళ్ళ పని ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళతో మాత్రం సార్‌కు పడేది కాదు. "గాలి యాడనుంచి వస్తాందో, ఎండ యాడ పడ్తాందో చూసుకోండప్పా. అంతకు మించి దిక్కులకు మనతో పనేం లేదు" అనేవాడు. దానివల్ల కొంతమంది వెళ్ళిపోయేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

మా వైపు అవి పార్టీల రోజులు. పల్లెల్లో ఫలానా ఇల్లు ఫలానా పార్టీ అనడం ఫలానా ఇల్లు ఫలానా వీధి అన్నంత మామూలుగా ఉండేది. కొందరు ప్లాను వేయించుకునేటప్పుడే వీధి వైపు కిటికీలు వద్దనేవారు. మెట్లు బయటినుంచి ఉండకూడదనేవారు. మేడ మీద పిట్టగోడ గుండెల ఎత్తు లేపమనేవారు. సార్ రెండు పక్షాలవాళ్ళకూ గీసేవాడు. ఒకరి ఇంటి సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తేవాడు కాదు. ఆ ఇళ్ళ ప్లాన్ల మీద గదుల పేర్లు రాసేవాళ్ళం కాదు, అంకెలు వేసేవాళ్ళం. ఏ అంకె ఏ గదో సార్‌కూ, నాకూ, ఆ ఇంటి యజమానికీ, మేస్త్రీకీ మాత్రమే తెలిసేది. మేస్త్రీ కువైట్‌లో పదేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి, నోరు జారే రకం కాదు. పని పూర్తయ్యాక ట్రేసింగ్ కాగితాన్నీ, దాని నకళ్ళనూ ఇంటివాళ్ళకే ఇచ్చేసేవాళ్ళం. గృహప్రవేశం నాడు పాలు పొంగించే పొయ్యిలో ఇంటి ఇల్లాలు వాటిని పెట్టి కాల్చేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, నేను వచ్చేసరికి అది తోరణం కట్టినంత మామూలైపోయింది. పురోహితుడు కూడా దానికోసం మంత్రం ఆపి కాసేపు కూర్చునేవాడు.

జమ్మలమడుగు దాటి, పెన్న అవతల ఒక నల్లరేగడి పల్లెలో మేము ఇల్లు కట్టించిన ఒకాయన ఆ ఊళ్ళో ఒక పార్టీకి పెద్ద. ఆయన తండ్రిని పాత ఇంటి గుమ్మంలోనే నరికి చంపారు. తలుపు తీస్తే నేరుగా వీధి. అందుకే కొత్త ఇల్లు. ఆయన భార్య నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దది, పుట్టిల్లు పులివెందుల పక్క. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని.

పునాదికి ముగ్గు పోసిన రోజు ఆమె చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చింది. నల్లమట్టి మీద తెల్లగా గీసిన గీతల మధ్య, తలుపులు ఉండబోయే చోట్లనుంచే లోపలికీ బయటికీ నడిచింది. ఒక్క గీతనూ తొక్కలేదు. వంటింటి గీతల మధ్య నిలబడి, వంగి, లేని పొయ్యిలోకి ఊదినట్టు చేసి నవ్వింది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మామ పోయినప్పటినుంచీ వాకిట్లో కూర్చోనివ్వరని చెప్పింది. దొడ్లోకి పోవాలన్నా ఒక మనిషి వెంట ఉండాలట. పుట్టింట్లో ఆరుబయట మంచం వేసుకుని పడుకునేవాళ్ళమని చెప్పి, "నాకు రొంత ఆకాశం కనపడల్ల పాపా. నేను మాత్రం ఎవురికీ కనపడగూడదు. అట్లాంటి సోటు ఉంటాదా యాడన్నా?" అని అడిగింది.

నేను ఆ మాట ఉన్నదున్నట్టు సార్‌కు చెప్పాను. ఆయన రెండు రోజులు ఆలోచించి, వంటింటి వెనక నైరుతి మూలలో నాలుగు మంచాలు పట్టేంత చోటు పైకప్పు లేకుండా వదిలాడు. చుట్టూ పిట్టగోడ ఎత్తుగా ఉండడం వల్ల ఊళ్ళో ఏ మేడ మీదనుంచి చూసినా అక్కడ కప్పు లేదన్న సంగతి తెలియదు. ఇంటాయన పడుకునే గది ధాన్యం గది వెనక పెట్టాడు. మంచం తలాపు వెనక గోడలో బీరువా తలుపులా కనిపించే చిన్న తలుపు ఉంది. అది తీస్తే గొర్రెల దొడ్డి, ఆ తర్వాత పొలాలు. ఎవరైనా మీదపడితే తప్పించుకుపోయే దారి అదొక్కటే.

గృహప్రవేశానికి వాళ్ళ పార్టీవాళ్ళే వచ్చారు. వాళ్ళను కూడా ముందు హాలు దాటి రానివ్వలేదు. నన్ను మాత్రం అక్క చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పొయ్యిలో కాగితాలు కాలుతుంటే ఆ కప్పు లేని చోటులోకి పొగ వచ్చి పైకి పోయింది. ఆమె తల వెనక్కి వాల్చి ఆ పొగ పోయినంత మేర చూసింది.

నేను ఇంటికి వచ్చి ఆ రాత్రే డైరీలో ఆ ఇల్లు గీసుకున్నాను. కాగితం కాలిపోయిందన్న బాధో, నేను విన్న మాట ఒక చోటుగా మారిందన్న గర్వమో, రెండూ ఉన్నాయి. గీశాక అంకెలు వేయబోయి ఆగాను. అంకెలతో అది ఇల్లులా అనిపించలేదు. వంటిల్లు, ధాన్యం గది, పడక గది అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. 'మంచం వెనక తలుపు' అని ఒక బాణం గీసి రాశాను. కప్పు లేని చోట 'అక్క ఆకాశం' అని రాశాను. పైన ఊరి పేరు రాశాను. కింద ఆమె చెప్పిన మాటలన్నీ రాశాను. నా పెట్టెలో బట్టల అడుగున పెట్టాను. నా పెట్టె ఎవరూ తీయరు.

మా అన్న అప్పటికి డిగ్రీ తప్పి, అవతలి పార్టీవాళ్ళ జీపు వెనక తిరుగుతున్నాడు. గోడల మీద రాతలు రాయించడం, మీటింగులకు జనాన్ని తోలుకుపోవడం, అట్లాంటివి. వాడికి ఆ పార్టీ మీద ప్రేమేమీ లేదు. ఎవరో ఒకరు 'రాప్పా' అని పిలిస్తే చాలు అన్నట్టు ఉండేవాడు. నేను ఎవరి ఇళ్ళు గీస్తున్నానో ఇంట్లో చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

ఎండలు ముదిరాయి. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒకరోజు పొద్దున్నే డైరీ తీస్తే ఆ పేజీ లేదు. కుట్టు దగ్గరినుంచి నీటుగా, స్కేలు పెట్టి చించినట్టు పోయింది. పెట్టెలో బట్టలన్నీ దులిపాను. లేదని తెలిసీ రెండోసారి దులిపాను. అన్న అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు. నా పుస్తకంలో కాగితం ఎవరు చించారని అడిగాను.

"ఓ, అదా. బొమ్మ శానా బాగేసినావ్ మే. మా వాళ్ళకు చూపిచ్చినా. మా చెల్లెలు గీసిందంటే ఒక్కడూ నమ్మలే" అన్నాడు. వాడి ముఖంలో నిజంగానే గర్వం ఉంది.

"ఇప్పుడు యాడుంది?"

"మామ జేబులో పెట్టుకున్న్యాడు." మామ అంటే వాళ్ళ పార్టీ నాయకుడు. వాళ్ళంతా ఆయన్ను అట్లాగే పిలుస్తారు.

అది ఎవరి ఇల్లో తెలుసా అని అడిగాను. వాడు దువ్వెన కింద పెట్టాడు.

"నేను ఎవురి పేరూ చెప్పలేదు. ఊరి పేరు నువ్వే రాసినావ్. తలుపు గూడా నువ్వే రాసినావ్. నేను బొమ్మ అనుకుని చూపిచ్చినా. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్న్యాడు. అప్పుడు గదా నాకు తెలిసింది."

తిరిగి తెచ్చివ్వమని అడిగాను. వాడు మంచం మీద కూలబడ్డాడు. అడిగితే ఎందుకడుగుతున్నావంటారని, ఆ ఇంటివాళ్ళకు చేరవేస్తున్నావనుకుంటారని, ఆ తర్వాత తాను ఇంటికి రాడని చెప్పాడు. పోనీ ఆ ఇంటివాళ్ళకు చెప్తే వాళ్ళు తనను వదిలిపెట్టరు. "నువ్వు చెప్తే నన్ను చంపుతారు. చెప్పకపోతే ఆయన్ను చంపుతారు. ఇంగ నీ ఇష్టం మే" అన్నాడు. నాకన్నా మూడేళ్ళు పెద్దవాడు, అప్పుడు నాకన్నా చిన్నగా కనిపించాడు. వంటింట్లోంచి అమ్మ దోసెలు చల్లారిపోతున్నాయని కేక వేసింది.

ఆఫీసుకు పోతే సార్ లేడు. పులివెందులలో ఒక ఇంటికి స్లాబు పోస్తున్నారని, పొద్దున్నే పోయాడని కింద అంగడివాళ్ళు చెప్పారు. బస్టాండుకు పోయాను. పులివెందుల బస్సు జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పోతుంది. ఎక్కి కూర్చున్నాను. జమ్మలమడుగులో పది నిమిషాలు ఆగింది. అక్కడ దిగి ఆటో ఎక్కితే అరగంటలో అక్క ఇంట్లో ఉంటాను. ఆటోవాళ్ళు ఆ పల్లె పేరు పెట్టి అరుస్తూనే ఉన్నారు. నేను కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాను. ఒంటరిగా ఆ వాకిట్లో మగవాళ్ళ మధ్యనుంచి నడిచిపోయి, ఆమెను పిలిచి, నోరు విప్పి చెప్పగలనని నాకు నమ్మకం లేదు. సార్ ఉంటే సార్ చెప్తాడనుకున్నాను. బస్సు కదిలింది. ముద్దనూరు దాకా, నా సిగ్గు కోసం ఒక మనిషి ప్రాణాన్ని నాలుగు గంటలు వెనక్కి నెట్టానని లెక్క వేసుకుంటూనే ఉన్నాను. అయినా ముద్దనూరులో కూడా దిగి వెనక్కి పోలేదు.

సార్ నెత్తికి తువ్వాలు చుట్టుకుని సెంట్రింగు మీద నిలబడి ఉన్నాడు. మిక్సరు మోతలో నేను చెప్పేది వినపడక కిందికి దిగి వచ్చాడు. చెప్పాను. ఆయన సిమెంటు మూటల మీద కూర్చున్నాడు.

"పేర్లు రాసినావా?"

"రాసినా సార్."

"తలుపు?"

"రాసినా."

ఆయన నెత్తిన తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఇన్ని ఇళ్ళు గీసినా, ఆఖరికి తన సొంత ఇంటి ప్లాను మీద కూడా గదికి పేరు రాసుకోలేదని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. స్లాబు ఇంకా సగం కూడా కాలేదు. మధ్యలో వదిలేస్తే పని ఎక్కడ ఆగిపోతుందో, అతుకు ఎక్కడ పడి జన్మంతా కారుతుందో ఆయనకు తెలుసు. అంతకుముందు ఎప్పుడూ వదిలిపోలేదు. ఆ రోజు మేస్త్రీకి అప్పగించి, చేతులు కూడా కడుక్కోకుండా నాతో బస్సెక్కాడు.

బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చుని టిక్కెట్టు వెనక ఏదో గీస్తూ ఉన్నాడు. ముద్దనూరు దగ్గర వెనక్కి తిరిగి, "ఇంటిని మార్చేస్తే ఆ కాగితం అబద్ధమైపోతాది. అంతకంటే మన చేతిలో ఏమీ లేదు" అన్నాడు. మంచం వెనక తలుపు గోడ కట్టి మూసేయాలి. పడక గది మార్చాలి. దారి వంటింట్లోంచి వేరే తీయాలి. పైన కప్పు లేదని వాళ్ళకు ఇప్పుడు తెలుసు కాబట్టి, పక్క మేడలమీదుగా వచ్చి దూకితే నేరుగా ఇంటి మధ్యలో ఉంటారు. అది కూడా మూసేయాలి. ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

ఊరు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ఇంటాయన పొలానికి పోయాడట. సార్ వాకిట్లోనే ఆగిపోయాడు. నేను ఆయన ముఖంలోకి చూశాను. "నువ్వే చెప్పల్ల. ఆమె నీకు చెప్పుకునింది, నాకు కాదు" అన్నాడు.

అక్క ఆ కప్పు లేని చోటులో గోడ నీడన కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తుంచుతోంది. పక్కన బిడ్డ నిద్రపోతోంది. నన్ను చూసి నవ్వి, యాడనుంచి ఊడిపడినావ్ పాపా అని చాప జరిపింది. బస్సులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. మీ ఇల్లు నా పుస్తకంలో గీసుకున్నానని, ఆ కాగితం వాళ్ళ చేతుల్లో ఉందని, అంతవరకు చెప్పినట్టున్నాను. ఆమె తొడిమలు తుంచుతూనే ఉంది.

"మంచం కాడి తలుపు గూడా గీసినావా?"

"గీసినా అక్కా."

"ఈ సోటు?"

"గీసినా."

"నా గురించి ఏమన్నా రాసినావా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. "ఆకాశం కనపడల్ల అన్న్యారని రాసినా. పుట్టింట్లో బయట పడుకునేది, అదీ రాసినా."

తలుపు మాటకు ఆగని చేతులు అప్పుడు ఆగాయి. "అది గూడా సదివినారా వాళ్ళు? మగోళ్ళంతా గూర్చోని?"

అవునన్నాను. ఎవరు చించారని ఆమె అడిగింది. నేను చెప్పకముందే, "మీ అన్నేనా?" అంది. అన్న సంగతి అంతకుముందు ఎప్పుడో నేనే ఆమెకు చెప్పాను. ఆమె కాళ్ళ మీద పడ్డాను. "లెయ్. కాళ్ళు పట్టుకుంటే నాకేమొస్తాది" అని లేచి, కొంగు సర్దుకుని, గడప దాకా పోయి సార్‌ను లోపలికి పిలిచింది. ఆమె సార్‌తో నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి.

సార్ తాను చేయాలనుకున్నది చెప్పాడు. తలుపు, గది, దారి విన్నంతసేపూ ఆమె తల ఊపింది. కప్పు మాట వచ్చినప్పుడు ఊపలేదు. కాసేపు పైకి చూసి, సరే అంది. ఆ తర్వాత ఆమె అడిగింది ఒకటే. "ఆయనకు ఏమని చెప్తారు సార్?"

ఉన్నది చెప్పడమే మంచిదని సార్ అన్నాడు.

"ఉన్నది చెప్తే జీపులు కడ్తాడు. ఈ పాప అన్న ఒగడే పోడు. ఆ పక్క ఇద్దురు పోతే ఈ పక్క ఇద్దురు పోతారు. మా మామప్పుడు సూసినా నేను, ఎట్లా మొదలైతాదో, యాడిదాకా పోతాదో. నైరుతి దోసం అని చెప్పండి. దానికైతే మారు మాట్లాడడు."

సార్ ముఖం చూడలేకపోయాను. ఆయన, అట్లాగే చెప్తానమ్మా అన్నాడు.

పొద్దు వాలేసరికి ఇంటాయన వచ్చాడు. వెంట నలుగురు మనుషులు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. నైరుతిలో కప్పు లేకుండా వదలడం పొరపాటైందని, అది ఇంటి యజమానికి మంచిది కాదని, తలాపు వెనక తలుపు ఉండడం కూడా దోషమేనని సార్ చెప్పాడు. ఒక్కో మాటా ఎవరో గొంతులోంచి లాగుతున్నట్టు వచ్చింది. ఇంటాయన ముందు భయపడ్డాడు. తర్వాత ఆ భయం కోపంగా మారింది. మేమంతా ఈ ఇంట్లో మూడు నెలలనుంచి పండుకుంటాండామే, ముందే ఎందుకు చెప్పలేదని గద్దించాడు.

"తెలియక" అన్నాడు సార్.

"పట్నంలో సదువుకుని వచ్చినారంట, నైరుతి తెల్దా సార్ మీకు? మా గొర్రెలోళ్ళనడిగినా సెప్తురే." మనుషులు నవ్వారు. ఒకడు, సారుకు దిక్సూచి కొనివ్వండప్పా అన్నాడు. ఇంకా నవ్వారు. సార్ తువ్వాలు మడత పెడుతూ నిలబడ్డాడు. లోపల అక్క పొయ్యి ముందు కూర్చుని కట్టె ఎగదోస్తోంది. నేను బయటికి వచ్చి, తప్పు సార్‌ది కాదు నాది అని ఒక్క మాట అనాలి. ఆ మాట అంటే అన్న చచ్చిపోతాడు. అనకుండా నిలబడ్డాను. అంతసేపూ నా నోరు మూసింది అన్న మీది ప్రేమో, ఎప్పటి పిరికితనమో నాకు తెలియదు. ఎన్నిసార్లు రాసుకున్నా తేలలేదు.

మర్నాడే మేస్త్రీ మనుషులతో దిగాడు. ఇంత బాగా వచ్చినదాన్ని ఎందుకు మూసేస్తున్నారని అడిగితే సార్ వాస్తు అనే చెప్పాడు. మేస్త్రీ ఆయన్ను ఎగాదిగా చూసి, పని మొదలుపెట్టాడు. నాయకుడి జేబులోని కాగితం ఏమైందో మాకు ఎప్పటికీ తెలియలేదు. ఎన్నికలు అయిపోయాయి. ఆ ఇంటి మీదికి ఎవరూ రాలేదు. కాగితం అబద్ధమైపోయిందని తెలిసి రాలేదో, అసలు రావాలనే అనుకోలేదో చెప్పలేను. అన్న బెంగుళూరు పోయి ఒక గోడౌన్లో చేరాడు. పోయేదాకా నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. నైరుతి తెలియని ఇంజనీరు అన్న పేరు జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా పాకింది. ఆ ఏడు సార్ దగ్గరికి కొత్తగా ఇల్లు గీయించుకోవడానికి వచ్చినవాళ్ళు తక్కువ. ఆయన నన్ను పనిలోంచి తీసేయలేదు. ఇళ్ళకు మాత్రం మళ్ళీ వెంట తీసుకుపోలేదు. పొయ్యి కాడ కూర్చునేవాళ్ళు లేక, వాకిట్లో మగవాళ్ళు చెప్పిందే గీసుకుని వచ్చేవాడు. ఆ ప్లాన్లు నేను ఎత్తి గీసేదాన్ని. వంటిళ్ళన్నీ ఒకేలా ఉండేవి.

ఆ చోటు మీద స్లాబు పోసిన రోజు మాత్రం నన్ను రమ్మన్నాడు. అక్కే కబురు పెట్టిందట. నేను పోయేసరికి సెంట్రింగు చెక్కలు బిగించేశారు. పైన మనుషులు కంకర పోస్తుంటే చెక్కల సందుల్లోంచి బూడిదరంగు నీళ్ళు కారి నేల మీద పడుతున్నాయి. సందులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. వంటింట్లో పగటిపూటే చీకటైంది. కరెంటు లేదు. అక్క బిడ్డను నా ఒళ్ళో పెట్టి, పొయ్యి వెలుగులో కూలీలందరికీ సంగటి కెలికి పంపించింది. ఆ తర్వాత బిడ్డను తీసుకుని, నా ముందు సంగటి తట్ట పెట్టింది. నేను చెయ్యి పెట్టలేదు. ఏడుపు ఆగలేదు. ఆమె పొయ్యిలో నీళ్ళు చల్లి ఆర్పేసింది. ఆ కాస్త వెలుగూ పోయింది.

"తిను పాపా. నువ్వు తినకుండా ఏడిస్తే ఆ స్లాబు ఊడిపడ్తాదా? తినేసి పో. మళ్ళ ఈ పక్కకు రావాకు" అంది.

గొంతులో కోపం లేదు. అలసట ఉంది. బిడ్డను భుజాన వేసుకుని జో కొడుతూ నా ఎదురుగానే కూర్చుంది. ముఖం కనిపించలేదు. తట్టలో ముద్ద ఎక్కడుందో, చట్నీ ఎక్కడుందో కూడా కనిపించలేదు. వేళ్ళతో తడుముకుని తిన్నాను. ఆమె నేను తినేదాకా కదలలేదు.